"మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి": వేసినా మళ్ళీ నా దగ్గరికే వస్తోంది, మీరెలా చేస్తున్నారు?

కేఆర్ పురం సిస్టర్:

అందరికీ వందనాలు. పేరు చెప్పడం లేదు, మా సంఘం వాళ్ళు కూడా ఇక్కడ చదువుతుంటారు. మాది ఒంగోలు వైపు. పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరే, ఇప్పుడు కేఆర్ పురంలో ఫ్లాట్ కొనుక్కుని ఉంటున్నాం, అంటే బ్యాంకు కొంది, మేం ఉంటున్నాం. మా ఆయన సాఫ్ట్‌వేర్. ప్రాజెక్టు అయిపోయింది, బెంచ్ మీద పెట్టారు, ఇంకోటి దొరక్కపోతే వాళ్ళే రిజైన్ చేయమంటారని ఆఫీసులో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. బాబు యూకేజీ. అత్తయ్యగారికి షుగరు, బీపీ, ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఆయన ఆఫీసు ఇన్సూరెన్సే దిక్కు.

నేను అడిగేది ఉద్యోగం గురించి కాదు. ఆయన బాగానే ఉన్నారు, తల దిండుకి తగిలితే గురక. నాకే నిద్ర లేదు. పదకొండింటికి పడుకుంటే రెండు, రెండున్నరకి మెలకువ వచ్చేస్తుంది, గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పినట్టు. లేచి వంటింట్లోకి వెళ్తాను. ఫ్రిజ్ మీద వాగ్దాన కార్డు ఉంటుంది, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి తీసుకున్నది, మాకు వచ్చింది 1 పేతురు 5:7. "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి." అది చదువుతాను, మోకరించి ప్రార్థన చేస్తాను, అప్పటికి కాస్త తేలిగ్గానే ఉంటుంది, ఆమేన్ అని మంచం ఎక్కానో లేదో చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూస్తాను, ఈఎంఐ తేదీకి ఎన్ని రోజులుందో లెక్కపెడతాను. కొత్తగా ఏమీ ఉండదు, పొద్దున చూసిన అంకెలే.

మా గృహ కూడికలో ప్రార్థన చేయమని అడిగితే ఒక ఆంటీ అందరి ముందు "చింతపడడం పాపమమ్మా, అవిశ్వాసం అది, దేవుణ్ణి నమ్మినవాళ్ళకి టెన్షన్ ఏంటి" అన్నారు. ఆవిడ చెడ్డావిడ కాదు, బాబు పుట్టినప్పుడు మా ఇంటికి క్యారేజీ పంపించిన మనిషి. కానీ అప్పటి నుంచి నేను అక్కడ నోరు విప్పడం మానేశాను. ఇప్పుడు టెన్షన్‌తో పాటు, టెన్షన్ పడుతున్నానే అన్న టెన్షన్ ఒకటి తోడైంది.

రెండు ప్రశ్నలు. దేవుని మీద భారం వేశాను అంటారు కదా, రాత్రి రెండున్నరకి మీరు అసలు ఏం చేస్తారు? డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనట్టా? "విశ్వాసం పెంచుకో సిస్టర్" అని మాత్రం రాయొద్దు, అది చాలాసార్లు విన్నాను.

మారతహళ్ళి టెస్టర్:

వందనాలు అక్కా. నేను పాస్టర్‌ని కాదు, టెస్టింగ్ చేసుకునేవాణ్ణి, కాబట్టి నాకు పనికొచ్చింది చెప్తా. 2 రాజులు 19వ అధ్యాయం ఒకసారి తీయండి. అష్షూరు రాజు సన్హెరీబు మనుషులు యూదా రాజు హిజ్కియాకి బెదిరింపు ఉత్తరం పంపిస్తారు, మీ దేవుణ్ణి నమ్ముకుని మోసపోవద్దు, మేం ఏయే దేశాలను ఏం చేశామో విన్నావు కదా అని. హిజ్కియా ఆ ఉత్తరం చదివి, మందిరానికి వెళ్ళి, దాన్ని దేవుని ముందు విప్పి పరుస్తాడు. నాకు నచ్చేది ఏంటంటే ఆ ప్రార్థనలో "అంతా బాగానే ఉంది ప్రభువా" అని ఉండదు. అష్షూరు వాళ్ళు ఆ దేశాలను పాడుచేసిన మాట నిజమే అని ఒప్పుకుంటాడు. ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు దేవుడికి చూపిస్తాడు.

మనం చేసే ప్రార్థన మాత్రం "నా కుటుంబాన్ని దీవించు, అన్ని అక్కరలు తీర్చు" అని ఉంటుంది, భయమేమో ఐదో తారీకు ఈఎంఐ గురించి. రెండింటికీ సంబంధం లేదు కాబట్టే ఆమేన్ అన్నాక భయం అలాగే ఉంటుంది. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా. ఎడమ పేజీలో రేపు నేను చేయగలిగిన పని, కుడి పేజీలో నా చేతిలో లేనిది, రెండూ పేరు పెట్టి, అంకెలతో సహా. కుడి పేజీ పైకి చదివి వినిపిస్తా, అంతే, పుస్తకం మూసేస్తా. ఆఫీసులో పనులు పంచినట్టు దేవుడికి జిరా టికెట్లు అసైన్ చేస్తున్నావా అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

రెండో ప్రశ్నకి కూడా అదే రాజు దగ్గర జవాబుంది. ఉత్తరం పరిచిన ఆ హిజ్కియానే ముట్టడి వస్తుందని ఊరి బయటి ఊటలు మూయించాడు, పడిపోయిన గోడ కట్టించాడు, నీళ్ళు ఊళ్ళోకి తిప్పాడు (2 దినవృత్తాంతములు 32). యెరూషలేములో ఆ సొరంగం ఇప్పటికీ ఉంది, సుమారు 533 మీటర్లు, రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నారని రాసిన శాసనం 1880లో బయటపడింది. పరిశోధకుల్లో ఎక్కువమంది అది హిజ్కియా తవ్వించిందే అంటారు. సొరంగం తవ్వించాడని అతన్ని అవిశ్వాసి అన్నవాళ్ళు లేరు కదా. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అక్కా.

ప్రార్థన వీరుడు:

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. నోట్‌బుక్కులు, సొరంగాలు కాదు కావాల్సింది. యాయీరు కూతురు చనిపోయిందని కబురు వచ్చినప్పుడు ప్రభువు ఏమన్నాడు? "భయపడకుము, నమ్మికమాత్రముంచుము." ఇది మనసు మీద దాడి. మా అన్నకి ఇలాగే రాత్రుళ్ళు భయం ఉండేది, ఉపవాస ప్రార్థనలో విడుదల వచ్చింది, ఒక్క మాత్ర వేసుకోలేదు. మీరు కూడా మూడు రోజులు ఉపవాసం ఉండి చూడండి. మాత్రలు మొదలుపెడితే మాత్రల మీదే ఆధారపడతారు.

జాలహళ్ళి నర్సమ్మ (రిటైర్డ్):

వీరుడు బాబూ, మీ అన్నకి తగ్గినందుకు దేవునికి స్తోత్రం, నిజంగానే అంటున్నాను. కానీ నిద్రలేక, కడుపులో తిప్పుతోందని చెప్పే పిల్లని పట్టుకుని తిండి మానేయమంటావేం?

అమ్మాయ్, నువ్వు 1 రాజులు 19 చదువు. కర్మెలు కొండ మీద అంత అగ్ని దిగి వచ్చాక కూడా యెజెబెలు రాణి ఒక్క కబురు పంపేసరికి ఏలీయా ప్రవక్త ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోయాడు. అరణ్యంలో చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు దేవుడు వాక్యం చెప్పలేదు, మందలించలేదు. దూతని పంపాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్ళు. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి లేపి ఇంకోసారి తినిపించింది, ఈ ప్రయాణం నీ శక్తికి మించింది అని. ప్రశ్నలూ జవాబులూ ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. ముందు నిద్ర, తిండి. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ నేను ఈ అధ్యాయాన్ని నర్సుల అధ్యాయం అనే అనుకున్నాను.

ఇక పని మాటలు. నువ్వు రాసిన దడ, చెమట, కడుపులో తిప్పడం, మధ్యరాత్రి మెలకువ, ఇవి ఆందోళన వల్ల రావచ్చు, థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, రక్తం తక్కువైనా దడ వస్తుంది. ఏది అన్నది ప్రార్థనలో తెలియదు, రక్త పరీక్షలో తెలుస్తుంది. ముందు మామూలు ఫిజీషియన్‌కి చూపించుకో, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12 చేయించమని అడుగు. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ టీలు వద్దు. ఫోను హాల్లో ఛార్జింగ్ పెట్టు, గదిలోకి తేవద్దు, అలారం కావాలంటే గడియారం కొనుక్కో. నిద్రమాత్రలు మాత్రం పక్కింటావిడ ఇచ్చిందనో, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చాడనో వేసుకోవద్దు, వీరుడు బాబు చెప్పిన అలవాటు పడడం అనే మాట వాటి విషయంలో చాలా వరకు నిజమే. అదే ఆందోళనకి రోజూ వాడమని డాక్టర్లు ఇచ్చే మందులు వేరు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గింది కదా అని మధ్యలో మనంతట మనమే ఆపేయకూడదు. మందు అక్కర్లేకుండా కౌన్సెలింగ్‌తో తగ్గేవాళ్ళూ చాలామంది ఉంటారు.

మానసిక వైద్యం అంటే మనవాళ్ళకి ఎర్రగడ్డ జోకులే గుర్తొస్తాయి. బెంగళూరులో ఉన్నావు, హొసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ ఆస్పత్రి ఉంది, దేశం నలుమూలల నుంచి రైలెక్కి వస్తారు అక్కడికి. ఓపీకి పొద్దున్నే వెళ్ళాలి, జనం ఎక్కువ. అంత దూరం ఇప్పుడే ఎందుకు అనుకుంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులు ఉండవు, రాత్రి రెండున్నరకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఒక్క మాట, నువ్వు రాయలేదు గానీ అడగడం నా అలవాటు: బతికి ఏం లాభం అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆయన గురక పెడుతున్నా సరే తట్టి లేపు, ఆ నంబరుకి చెయ్యి.

బెరయ పాఠకుడు:

సిస్టర్, "చింతపడడం పాపం" అన్న మాట గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే మన సంఘాల్లో ఇది చాలామంది నోరు నొక్కేస్తోంది.

"దేనినిగూర్చియు చింతపడకుడి" అని ఫిలిప్పీయులకు రాసింది పౌలు, బంధకాల్లో ఉండి. అదే పత్రికలో రెండో అధ్యాయం చూడండి, తన జతపనివాడు ఎపఫ్రొదితు చావుకి దగ్గరగా జబ్బుపడ్డాడని, దేవుడు కనికరించకపోతే నాకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని, అతన్ని మీ దగ్గరికి పంపిస్తే నా మనసు కాస్త కుదుటపడుతుందని రాస్తాడు. 2 కొరింథీయులు 11లో దెబ్బలు, ఓడ పగిలిపోవడం, ఆకలి అన్నీ చెప్పి చివర్లో, ఇవి చాలవన్నట్టు సంఘాలన్నిటి గురించిన చింత రోజూ నా మీద ఉంది అంటాడు. మరి పౌలుని కూడికలో నిలబెట్టి అవిశ్వాసి అందామా? యేసు ప్రభువు గెత్సేమనేలో తన ప్రాణం మరణమంతగా దుఃఖంలో ఉందని శిష్యులకి బయటికే చెప్పాడు, కాసేపు నాతో మెలకువగా ఉండండి అని అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు, అది వేరే సంగతి.

మీ అసలు ప్రశ్న, వేసినా మళ్ళీ వస్తోంది అన్నది. మత్తయి 26:44 చదవండి. ప్రభువు ఆ తోటలో మూడోసారి వెళ్ళి "ఆ మాటలే చెప్పుచు" ప్రార్థన చేశాడని ఉంటుంది. ఆ మాటలే. మొదటిసారి సరిగ్గా అప్పగించలేదు కాబట్టి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చిందని ఆయన గురించి ఎవరం అనం. పౌలు కూడా తన శరీరంలో ముల్లులా బాధించినదాని గురించి మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, నా కృప నీకు చాలును అన్న జవాబు వచ్చింది. మీరు రాత్రి రెండున్నరకి చేసిన ప్రార్థనే మూడింటికి మళ్ళీ చేయాల్సి వస్తే మొదటిది చెల్లలేదని కాదు. వాగ్దాన కార్డు మీద స్థలం తక్కువ కాబట్టి ఒక్క వచనమే అచ్చు వేస్తారు, దాని ముందూ వెనకా చూడండి: పైన దేవుని బలిష్ఠమైన చేతి కింద తగ్గించుకోండి అని, కింద సింహం గర్జిస్తోందని, లోకమంతటా ఉన్న మీ సహోదరులకీ ఇవే శ్రమలని. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదిరిపోయినవాళ్ళకి, అందరికీ కలిపి రాసిన ఉత్తరం అది. వంటింట్లో ఒంటరిగా నిలబడి నెగ్గుకురమ్మని పేతురు మీకు చెప్పలేదు.

పెద్ద దైవజనులకి ఇలాంటివి ఉండవనుకునేవాళ్ళ కోసం: లండన్‌లో స్పర్జన్ 1856 అక్టోబరులో సర్రే గార్డెన్స్ హాలులో బోధిస్తుంటే ఎవరో మంట అని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకి 22 ఏళ్ళు. ఆ తర్వాత జీవితాంతం కుంగుబాటు ఆయన్ని వదల్లేదు, దాని గురించి ప్రసంగ వేదిక మీదే మాట్లాడేవాడు.

టెస్టర్ బ్రదర్‌కి ఒక చిన్న చేర్పు. ఆ నీళ్ళ ఏర్పాట్ల గురించే యెషయా 22:11లో గద్దింపు కూడా ఉంది, రెండు గోడల మధ్య చెరువు కట్టారు గానీ దాన్ని చేసినవాని వైపు చూడలేదని. కాబట్టి వీరుడు బ్రదర్ భయంలో కొంత న్యాయం ఉంది. అయితే యెషయా తప్పుపట్టింది తవ్వడాన్ని కాదు. పౌలు ఎంతోమందిని స్వస్థపరిచాడు, తిమోతికి మాత్రం కడుపు జబ్బుకి ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు, త్రోఫిమును మిలేతులో జబ్బుగా ఉంటే వదిలి వెళ్ళాడు, పక్కనేమో వైద్యుడైన లూకా.

ప్రార్థన వీరుడు:

యెషయా వచనం బాగా చూపించారు బ్రదర్. మందులే వద్దని నా ఉద్దేశం కాదు, మందులే దేవుడు కాకూడదని. ఉపవాసం మాట వెనక్కి తీసుకోను గానీ, సిస్టర్ ఆరోగ్యం చూసుకుని చేయొచ్చు. మీ కోసం ప్రార్థిస్తున్నాను సిస్టర్.

కేఆర్ పురం సిస్టర్:

అందరికీ చాలా థ్యాంక్స్. నర్సమ్మ ఆంటీ, అలాంటి ఆలోచన లేదండి, అడిగినందుకు ఏడుపొచ్చింది. "ఆ మాటలే చెప్పుచు" అన్నది ఇన్నేళ్ళుగా చదువుతున్నా నా కంట పడలేదు.

టెస్టర్ తమ్ముడూ, నీ నోట్‌బుక్ నిన్న ప్రయత్నించాను, కానీ నా దాంట్లో ఎడమ పేజీ మొత్తం ఖాళీ. ఉద్యోగం ఆయనది, ఇంటర్వ్యూలు ఆయనవి, బ్యాంకు లోను ఆయన పేరు మీద. నేను చేయగలిగింది ఏమీ లేదు, అన్నీ కుడి పేజీలోనే. బహుశా అందుకేనేమో ఆయనకి నిద్ర పడుతోంది, నాకు పట్టడం లేదు. ఇంట్లో కూర్చుని ఎదురుచూసేవాళ్ళు ఏం రాసుకోవాలి?

హొసూరు రోడ్ అక్క:

ఈ చివరి ప్రశ్నకి నేను రాయాల్సిందే. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, ఇంచుమించు నీలాంటి ఫ్లాటే, నీలాంటి బ్యాంకు అప్పే. ముందే చెప్తున్నా, సాక్ష్యం చెప్పే రోజు మైకు పట్టుకుని చెప్పుకునే కథ కాదు మాది. ఉద్యోగం తొందరగా రాలేదు, వచ్చింది తక్కువ జీతానికి వచ్చింది, ఫ్లాట్ అద్దెకిచ్చేసి మేం చిన్న ఇంటికి మారాం. దేవుడు మమ్మల్ని వదల్లేదు అని మాత్రం చెప్పగలను, ఎలాగంటే వివరించలేను.

ఎడమ పేజీకి ఇవి రాసుకో. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, అదే కంపెనీలో సొంత పాలసీకి మార్చుకునే వీలుంటుంది, కానీ ఉద్యోగంలో ఉండగానే అడగాలి, ఆ కాగితాలు చదవడం, ఫోన్లు చేయడం నువ్వు చేయొచ్చు, మీ అత్తయ్యగారి వయసుకి ప్రీమియం ఎంతవుతుందో కూడా కనుక్కో. బ్యాంకుకి ఈఎంఐ తప్పాక వెళ్ళేకంటే తప్పకముందే వెళ్తే మర్యాదగా మాట్లాడతారు, గడువు పెంచి ఈఎంఐ తగ్గించే దారి ఉందా అని ఇద్దరూ కలిసి వెళ్ళి అడగండి. కట్టకపోతే రాత్రికి రాత్రి వచ్చి తాళం వేస్తారని నువ్వు రెండున్నరకి ఊహించుకుంటావు చూడు, అలా జరగదు, వాయిదా 90 రోజులు దాటితేనే దాన్ని మొండి బాకీ కింద రాస్తారు, ఇల్లు స్వాధీనం చేసుకోవాలంటే ఆ తర్వాత మళ్ళీ 60 రోజుల నోటీసు ఇవ్వాలి. అది తెలిశాక నాకు సగం భయం పోయింది. ఇంటి ఖర్చు రాయడం నీ చేతిలోనే ఉంది. ఇంకోటి, ఆయన చెప్పులు విప్పుతుండగానే "ఏమన్నారు?" అని అడగకుండా ఉండడం, ఇది పేజీలో రాసుకో, నవ్వులాట కాదు, దానికి నాకు చాలా ప్రార్థన పట్టింది.

కూడికలో మాత్రం మాట్లాడడం మానొద్దు. "నాకు టెన్షన్‌గా ఉంది" అంటే ప్రసంగం చెప్తారు. "బుధవారం ఆయనకి ఇంటర్వ్యూ ఉంది, దాని కోసం ప్రార్థించండి" అను, ప్రార్థన చేస్తారు. ఆ ఆంటీకి ఫోన్ చేసి ఆ రోజు బాబుని కాసేపు చూసుకోమని అడుగు. క్యారేజీ పంపిన మనిషి కాదనదు.

కేఆర్ పురం సిస్టర్:

అక్కా, 90 రోజుల సంగతి నాకు తెలియనే తెలియదు. శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, ఆయనా వస్తానన్నారు. నర్సమ్మ ఆంటీ, రక్తం ఖాళీ కడుపుతో ఇవ్వాలా?

జాలహళ్ళి నర్సమ్మ (రిటైర్డ్):

థైరాయిడ్‌కి అక్కర్లేదమ్మా. అదే సూదితో షుగర్ కూడా చూద్దాం అంటారు సాధారణంగా, అందుకని ముందు రాత్రి భోజనం చేసి పొద్దున ఏమీ తినకుండా వెళ్ళు, మంచినీళ్ళు తాగొచ్చు. ఈ ఉపవాసానికి వీరుడు బాబు, నేను ఇద్దరం ఒప్పుకుంటాం. రక్తం ఇచ్చాక తినడానికి ఏదైనా బ్యాగులో పెట్టుకెళ్ళు, కళ్ళు తిరుగుతాయి. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెడితే ఏ అంకె ఏంటో చెప్తాను గానీ మందు మాత్రం డాక్టరు రాసిందే వాడు.